కాకినాడ అఖాతంలో ఆల్చిప్పలు బతుకుతాయా? ముందు ఇవి చూడండి

మా కాకినాడ అఖాతంలో తినే ఆల్చిప్పలు (ఆయిస్టర్లు) పెంచుదామని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: డబ్బు పెట్టే ముందు పాటు వేళ, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, పడవేసుకుని తిరగండి. జెట్టీ స్తంభాలకి, మడచెట్ల వేళ్లకి బతికున్న చిప్పలు అంటుకుని ఉంటే సగం జవాబు దొరికినట్టే.

మిగతా సగం ఉప్పుదనం. రిఫ్రాక్టోమీటరు అనే ఉప్పు కొలిచే పరికరంతో ఏడాది పొడుగునా కొలవాలి. లీటరుకి 10 నుంచి 35 గ్రాముల ఉప్పు దాకా మన ఆల్చిప్ప తట్టుకుంటుంది. ఎండాకాలం లెక్క చూసి సంబరపడొద్దు. గోదావరికి వరదొచ్చే జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లోనే అసలు పరీక్ష. వారాల తరబడి మంచినీళ్లే నిలిచిపోతే ఆ చోటు వదిలెయ్యండి.

అడుగు మెత్తటి బురదైతే అందులో దూరి బతికే గుల్లలకి (క్లాములకి) బాగుంటుంది గానీ, ఆల్చిప్పలు కూరుకుపోయి చస్తాయి. వాటికి గట్టి ఆధారం కావాలి. పాత చిప్పలకి కన్నం పెట్టి, తాడుకి గుచ్చి, నేలకి తగలకుండా వేలాడదీయండి. కొన్ని వారాలకి గోరంత పిల్లలు అంటుకున్నాయేమో చూడండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది నీటి శుభ్రత. ఇవి నీళ్లు వడగట్టుకుని తినే జీవులు. మురుగుకాలవ కలిసే చోట పెంచితే ఆ మురికి మాంసంలో చేరుతుంది. బాగా ఉడికిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, సీసం, పాదరసం మాత్రం పోవు. నీళ్లనీ మాంసాన్నీ ల్యాబులో పరీక్ష చేయించకుండా ఎవరికీ పెట్టకండి.