మిగిలిన గారెలు పెరుగు పీల్చుకోవాలంటే: నా అనుభవం

పండగ మర్నాటికి గారెలు గట్టిపడతాయి. పెరుగులో వేస్తే పైన తడి, లోపల మాత్రం పొడి. మైక్రోవేవ్‌లో రబ్బరులా సాగాయి, మళ్లీ వేయిస్తే జిడ్డు, మజ్జిగలో రాత్రంతా ఉంచితే పులుపు.

పనిచేసింది ఉప్పు వేసిన వేడినీళ్లు. 20 గారెలకి లీటరున్నర నీళ్లు మరిగించి దించి, 2 చెంచాల ఉప్పు వేసి, ఫ్రిజ్‌లోంచి తీసిన గారెలు వదలాలి. తేలిపోతాయి కాబట్టి పైన పళ్లెం బోర్లించాలి. ఎండిన పైపొర మెత్తబడితేనే పెరుగు లోపలికి దిగుతుంది. 7, 8 నిమిషాలకి తీసి అరచేతుల మధ్య మెల్లగా అదమాలి, పిండితే విరుగుతాయి. నీళ్లతోపాటు కొంత నూనె కూడా పోతుంది, అదో లాభం.

ముప్పావు లీటరు పెరుగులో పావు లీటరు నీళ్లు, చెంచాడు అల్లం పచ్చిమిర్చి ముద్ద కలిపి చిలికి గారెలు వేయాలి. తాలింపు చల్లారాకే కలపాలి, లేకపోతే పెరుగు విరుగుతుంది. ఫ్రిజ్‌లో 2 గంటలు చాలు. ఉప్పు చివర్లో రుచి చూసి వేసుకోండి, గారెలు అప్పటికే కొంత పీల్చుకుని ఉంటాయి.

ఇది ఉత్త మినప గారెల సంగతి. బియ్యప్పిండి కలిపినవి విడిపోవచ్చు, ముందు ఒకటి వేసి చూడండి. బయటే ఉండిపోయి తీగ సాగుతుంటే పారెయ్యడమే.