సముద్రం పక్కన ఇల్లు కడుతున్నారా? ముందు కమ్మీ సంగతి చూడండి

తిరుపతిలో ఇల్లు కట్టిన మేస్త్రీనే చెన్నై ఈసీఆర్‌లో (సముద్రం వెంట సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) కొన్న స్థలానికీ తీసుకెళ్దామనుకుంటే తీసుకెళ్లండి, కానీ ఆ ఉప్పుగాలికి తిరుపతి లెక్క చాలదని ముందే చెప్పండి. పోటు గీత (పోటు సమయంలో నీళ్లు చేరే హద్దు) నుంచి 500 మీటర్లలోపు స్థలమైతే అడ్వాన్స్ ఇవ్వకముందే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నిర్మాణాల నియంత్రణ మండలి) కాగితాలు చూసుకోండి.

అసలు టెన్షన్ కాంక్రీటులో వేసే ఇనుప కమ్మీతోనే. ఉప్పు కాంక్రీటులోకి దిగి కమ్మీకి తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు ఉబ్బి పెచ్చులు ఊడతాయి, అందుకే కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీరపు గాలికి తగిలే కాంక్రీటు కనీసం ఎం30 గ్రేడు (బలాన్ని చెప్పే అంకె) ఉండాలి, కమ్మీ మీద కవర్, అంటే దాన్ని కప్పే కాంక్రీటు మందం, 45 మిల్లీమీటర్లు. సముద్రపు తుంపర్లు పడేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. ఆ మందం కోసం కమ్మీ కింద పెట్టే కవర్ బ్లాకులు పెట్టారో లేదో స్లాబు పోసేముందు మీరే దగ్గరుండి చూడండి. ఉప్పు బోరు నీళ్లు కాంక్రీటు కలపడానికీ, పోశాక తడిపే క్యూరింగ్‌కీ వద్దే వద్దు, ట్యాంకర్ ఖర్చుకు వెనకాడకండి. బయటి బోల్టులకు ఉప్పుకు బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి.