కెమెరా కొనేముందు: డాక్యుమెంటరీలోకి రావాలనుకునేవాళ్లకు

డాక్యుమెంటరీ తీయాలనుంది, ఏ కెమెరా కొనమంటారు అని అడిగేవాళ్లు నాకు వారానికి ఒకరైనా తగులుతారు. ఎవరి గురించి తీస్తారు అని తిరిగి అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. నేను 22 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. తీయడం, రాయడం, ఈమధ్య ఎక్కువగా పాఠాలు చెప్పడం. నాకు తెలిసింది నా తప్పులతో సహా చెప్తాను. ఉదాహరణకి ఒక్క సినిమానే పట్టుకుంటాను. ఒక లిఫ్ట్ మెకానిక్ మీద నేను తీసిన 12 నిమిషాల సినిమా. చేయకూడనివి దాదాపు అన్నీ అందులో చేశాను కాబట్టి పాఠానికి బాగా పనికొస్తుంది.

'లిఫ్ట్ మెకానిక్ జీవితం' అన్నది విషయం, కథ కాదు. కథ కావాలంటే ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి ఏదో ఒకటి కావాల్సి ఉండాలి, మీరు వెంట తిరిగే రోజుల్లో అది దొరకడమో చేజారడమో జరగాలి. అంత లేకపోయినా, ఒక పని మొదలై ముగిసేదాకా మీ కళ్లముందు జరగాలి. ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి: వాళ్లు నన్ను ఎందుకు రానిస్తారు? జైలు గురించి మీకు గొప్ప ఆలోచన ఉండొచ్చు. గేటు దాటనివ్వకపోతే అది మీ నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది. మొదటి సినిమాకి వారానికి మూడుసార్లు వెళ్లగలిగే చోటు, మీరు వస్తే విసుక్కోని మనిషి దొరికితే చాలు.

మొదటి మూడుసార్లూ కెమెరా లేకుండా వెళ్లండి. ఇది నేను పాటించలేదు. మెకానిక్ దగ్గరికి మొదటి రోజే కెమెరాతో వెళ్లాను, అంతకన్నా ఘోరం, తలలో ఒక వాక్యంతో వెళ్లాను: 'ఊరందరినీ లిఫ్టులో పైకి పంపే మనిషి తను మాత్రం మెట్లెక్కుతాడు.' ఎంత బాగుందో చూడండి. అది బాగుండటమే నా కొంప ముంచింది. పది రోజులపాటు ఆయన మెట్లెక్కడమే తీశాను. కింది నుంచి, పై నుంచి, వెనక నుంచి, రొప్పుతున్న శబ్దంతో సహా. ఎడిట్ చేసి ఆయనకు చూపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "లిఫ్టు పాడైన బిల్డింగులో మెట్లెక్కక ఏం చేస్తానమ్మా? మా ఇంట్లో నేను లిఫ్టులోనే వెళ్తాను కదా" అన్నాడు. ఆ సినిమాలో ప్రతి షాటూ నిజమే. అన్నీ కలిపితే అబద్ధం.

ఈ జబ్బు డాక్యుమెంటరీకి పుట్టుకతోనే ఉంది. 1922లో అమెరికన్ దర్శకుడు రాబర్ట్ ఫ్లహర్టీ తీసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్'లో ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యుయిట్ తెగ వేటగాళ్లు ఈటెలతో వేటాడతారు. అప్పటికి వాళ్లు తుపాకులు వాడుతున్నారు, పాతకాలం పద్ధతిలో చేయమని ఆయనే అడిగాడు. మంచు ఇంట్లో కెమెరాకు వెలుతురు చాలకపోతే, ఒక పక్క తెరిచి ఉన్న సగం ఇల్లు కట్టించాడు. ఆ వెలుతురు ఏర్పాటు నేను క్షమిస్తాను, ఈటెల దగ్గర మాత్రం నాకు ఇబ్బంది. 1926లో ఫ్లహర్టీ మరో సినిమా గురించి రాస్తూ, తర్వాత తనూ సినిమాలు తీసిన జాన్ గ్రియర్సన్ 'డాక్యుమెంటరీ' అన్న మాట వాడాడు. వాస్తవాన్ని సృజనాత్మకంగా మలచడమే డాక్యుమెంటరీ అని తర్వాత ఆయనే నిర్వచనం చెప్పాడు. ఆ 'మలచడం' ఎక్కడ ఆగాలన్నదాని మీద వందేళ్లుగా తగువు నడుస్తూనే ఉంది. నా గీత నేను గీసుకున్నాను: చేసే పనే మళ్లీ ఒకసారి చేయమని అడుగుతాను, చేయని పని చేయమని అడగను.

ఇక కెమెరా సంగతి. మీ ఫోన్ చాలు. డబ్బుంటే ముందు మైకు కొనండి, తర్వాత హెడ్‌ఫోన్లు, తర్వాత ట్రైపాడ్. బొమ్మ కాస్త ఊగినా చూసేవాళ్లు ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే లేచిపోతారు. ఫోన్‌తో తీస్తే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఎక్స్‌పోజర్ (బొమ్మలో వెలుతురు), ఫోకస్ వాటంతటవి మారకుండా లాక్ చేయండి, స్టోరేజ్ ఖాళీ చేసుకుని వెళ్లండి. రికార్డు చేస్తున్నంతసేపూ హెడ్‌ఫోన్లు చెవులకే ఉండాలి, మెడలో కాదు. ఇంట్లో ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఫ్రిజ్ ఆపేయండి. మనకు వినపడని ఆ గుర్రుమనే శబ్దం మైకుకు బాగా వినపడుతుంది. ఆపాక మీ బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి. తాళాలు లేకుండా వెళ్లలేరు కాబట్టి మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. ఇది మా వృత్తిలో పాత చిట్కా. వెళ్లేముందు గదిలో అందరినీ ఒక నిమిషం కదలకుండా కూర్చోబెట్టి ఖాళీ గది శబ్దం రికార్డు చేసుకోండి. రూమ్ టోన్ అంటాం. ఎడిటింగ్‌లో మాటలు కోసి అతికించిన చోట ఏర్పడే గుంటలు పూడ్చడానికి అదొక్కటే మందు.

ఇంటర్వ్యూలో కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'మీకు ఎలా అనిపించింది?' దానికి వచ్చే జవాబు 'బాధేసింది'. అక్కడితో అయిపోయింది. 'ఆ ఫోన్ వచ్చినప్పుడు మీరు ఏం చేస్తున్నారు?' అని అడగండి. చేతిలో ఏముందో, ఎవరు పక్కనున్నారో చెప్తూ మనిషి ఆ రోజులోకి వెళ్తాడు. అనుభూతి దానంతటదే వస్తుంది. మీ ప్రశ్న సినిమాలో వినపడదు కాబట్టి, జవాబులో ప్రశ్న కూడా కలిసొచ్చేలా చెప్పమని ముందే అడగాలి. 'ఎన్నేళ్లు?' అంటే 'ముప్ఫై' అని కాదు, 'నేను ఈ పనిలోకి వచ్చి ముప్ఫై ఏళ్లయింది' అని. వాళ్లు మాట్లాడుతుంటే 'ఊఁ', 'అవునా' అనకుండా తల మాత్రం ఊపండి. మీ 'ఊఁ' వాళ్ల మంచి మాట మీద పడితే దాన్ని తీసేయడం ఎవరి వల్లా కాదు.

జవాబు అయిపోయిందనుకున్నాక అయిదు సెకన్లు ఆగండి. మొదట్లో ఇది నాకు నరకంలా ఉండేది, నిశ్శబ్దం వస్తే ఏదో ఒకటి అడిగేసేదాన్ని. ఇప్పుడు మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటాను. అవతలి మనిషి కూడా నిశ్శబ్దాన్ని భరించలేక ఇంకో మాట అంటాడు. చాలాసార్లు సినిమాకు కావాల్సింది ఆ మాటే.

షాట్ల గురించి ఎక్కువ చెప్పను. ప్రతి షాటూ కదలకుండా కనీసం పది సెకన్లు పట్టుకోండి. చేతులు, ముఖం, ఆ ముఖం చూస్తున్న వస్తువు తీయండి. మనిషిని ఫ్రేములోకి రానివ్వండి, ఫ్రేములోంచి వెళ్లిపోనివ్వండి. అప్పుడు ఎడిటింగ్‌లో కోతకు చోటు దొరుకుతుంది. ఆ రాత్రే కాపీలు చేయండి: మొత్తం మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి మీ ఇంట్లో కాకుండా వేరే చోట.

మెట్ల సినిమా పోయాక నేను మళ్లీ మెకానిక్ వెంట తిరిగాను, ఈసారి వాక్యం లేకుండా. ఒకరోజు ఒక బిల్డింగులో ఒకావిడ లిఫ్టులో ఇరుక్కుంది. ఆయన చొక్కాకి, కెమెరాతో పనిలేకుండా విడిగా రికార్డయ్యే నా మైకు తగిలించి ఉంది. సరిగ్గా అప్పుడే కెమెరా బ్యాటరీ అయిపోయింది. ఇంకో బ్యాటరీ ఉన్న బ్యాగు కింది అంతస్తులో. పరుగెత్తుకెళ్లి తెచ్చేసరికి తలుపు తెరుచుకుంది, ఆవిడ వెళ్లిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. వారం తర్వాత ఆడియో వింటే పదకొండు నిమిషాలు అందులో ఉంది. హెల్పర్ పైన మెషిన్ రూములో చేత్తో లిఫ్టును అంతస్తు దగ్గరికి తెస్తున్నాడు. ఈయన తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతూనే ఉన్నాడు. "తలుపు లాగకండమ్మా. వెనక గోడకి ఆనుకుని కూర్చోండి. గాలి వస్తూనే ఉంటుంది, భయం లేదు. మీ బాబు ఏ క్లాసు?" బాబు క్లాసు నుంచి లెక్కల టీచరు దాకా వెళ్లింది సంభాషణ. ఆయన అసలు పని అదేనని నాకు అప్పుడు తెలిసింది. పది రోజులు కాళ్లు తీశాను, గొంతు విననేలేదు.

ఆ ఆడియోలో లోపలి ఆవిడ గొంతు కూడా ఉంది. మెకానిక్ సంతకం పెట్టిన అనుమతి పత్రం నా దగ్గరుంది, ఆవిడది లేదు. ఆవిడ ఎవరో కనుక్కుని, ఆ ముక్క వినిపించి అడిగాను. పేరు రాకపోతే సరే అంది. వద్దంటే తీసేసేదాన్నే. సంతకం ఒకసారి పెడితే అయిపోయిందనుకోకండి. సినిమా బయటికి వెళ్లేముందు అందులో ఉన్నవాళ్లకు చూపించండి. ఏది తీసేయాలో తేల్చే హక్కు వాళ్లకివ్వమని కాదు. తప్పులుంటే చెప్తారు, దానివల్ల వాళ్లకేదైనా ప్రమాదముంటే చెప్తారు. మెట్ల సినిమా చూపించకపోయి ఉంటే అది ఈపాటికి నా పేరుతో తిరుగుతుండేది.

ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చునేముందు ప్రతి మాటా మీరే రాసుకోండి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుంది, దాన్ని వాడండి, కానీ పక్కన పెట్టుకుని మొత్తం ఒకసారి వినండి. నాకు ఆ పదకొండు నిమిషాలు దొరికింది అలా వింటుంటేనే. మంచి ముక్కలు చీటీల మీద రాసి నేల మీద పరిచి వరస మార్చి చూడండి. చీటీని జరపడానికి ఒక్క సెకను పడుతుంది, కంప్యూటర్‌లో ముక్కలు వరసగా పేర్చే టైమ్‌లైన్ మీద అదే పనికి మధ్యాహ్నం అయిపోతుంది. తర్వాత పొడుగాటి మొదటి కూర్పు, దాన్ని కుదించిన రఫ్ కట్, చివరి మెరుగులు దిద్దిన ఫైన్ కట్. బొమ్మల వరస ఇక మారదు అని తేల్చుకున్నాకే సౌండ్, రంగుల పని. ఈ వరస తప్పితే రెండుసార్లు డబ్బు ఖర్చవుతుంది.

వ్యాఖ్యానం రాయాల్సి వస్తే బొమ్మలో కనపడేది మళ్లీ చెప్పకండి. 'ఆయన తలుపు తెరుస్తున్నాడు' అని చెప్పక్కర్లేదు, అది తెర మీదే ఉంది. తలుపు వెనక ఏముందని ఆయన భయపడుతున్నాడో చెప్పండి. రాసింది పైకి చదవండి. ఊపిరి అందని చోట వాక్యం విరగ్గొట్టండి. నాకు ఇది అచ్చులో రాసే వ్యాసాలకు కూడా పనికొచ్చింది. ఆ వ్యాసాలకు నేను పెట్టుకున్న నియమాలు రెండే. ఎవరూ అనని మాట కొటేషన్లో పెట్టను. ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక మనిషిని చేయను.

తిండి ఎలా అంటారా? డాక్యుమెంటరీ ఒక్కదానితో బతికేవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. నేను సంస్థలకు చిన్న సినిమాలు తీశాను, వేరేవాళ్ల సినిమాలు ఎడిట్ చేశాను, పెళ్లి వీడియోలూ కోశాను. అందులో సిగ్గేమీ లేదు. గ్రాంట్లకు దరఖాస్తు పెట్టేటప్పుడు కథ ఒక వాక్యంలో, తర్వాత రెండు పేజీల్లో, తర్వాత రెండు మూడు నిమిషాల వీడియో ముక్కలో చెప్పగలగాలి. ఆ మనిషి దగ్గరికి మీరు వెళ్లగలరని ఆ ముక్క చూస్తే తెలియాలి. బడ్జెట్‌లో కొత్తవాళ్లు మర్చిపోయేవి సంగీతం, పాత ఫుటేజీ హక్కులు, సబ్‌టైటిళ్లు, హార్డ్ డిస్కులు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1988 నుంచి జరుగుతున్న ఇడ్ఫా, టొరంటోలో 1993లో స్థాపించిన హాట్ డాక్స్ లాంటి డాక్యుమెంటరీ ఉత్సవాల పేర్లు మీకు వినపడతాయి. మొదటి సినిమాకే వాటిని తలుచుకుని టెన్షన్ పడకండి. ఒప్పందంలో మాత్రం రెండు విషయాలు చూసుకోండి: ముడి ఫుటేజీ ఎవరిది, డబ్బు ఏ దశలో ఎంత వస్తుంది. ఒక సంస్థ నాతో నోటిమాట మీద పని చేయించుకుంది. ఆఖరి విడత డబ్బుకి పద్నాలుగు నెలలు తిరిగాను.

పాఠాలు చెప్పడం నెలనెలా జీతం వస్తుందని మొదలుపెట్టాను, దాచిపెట్టడం ఎందుకు. దానికి డిగ్రీలకంటే ముందు చేతిలో పూర్తయిన సినిమాలు రెండు మూడు ఉండాలి, మీ తప్పులు మీరే చూపించగలగాలి. ఒకరోజు వర్క్‌షాప్‌తో మొదలుపెట్టండి. నా క్లాసులో మొదటి రోజు కెమెరా ముట్టనివ్వను. పది నిమిషాలు ఒకచోట కూర్చుని కనపడినవి, వినపడినవి మాత్రమే రాయమంటాను. 'అందంగా', 'దీనంగా' లాంటి మాటలు నిషేధం. రెండో రోజు బొమ్మ లేకుండా ఒక్క నిమిషం శబ్దంతో ఒక చోటును చెప్పాలి. మూడో వారం అందరికీ ఒకే ఇంటర్వ్యూ ఇచ్చి, సగం మంది ఆ మనిషిని మంచివాడిగా, సగం మంది దొంగగా కనపడేలా ఎడిట్ చేయమంటాను. రెండూ కుదురుతాయి. ఆ రోజు క్లాసు కాస్త భయపడుతుంది, నాకు కావాల్సిందీ అదే. చెప్పడంలో ఒక చిక్కుంది, అది మీ సొంత సినిమా సమయాన్ని తినేస్తుంది. నేను ఏడాదిలో మూడు నెలలు క్లాసులు ఒప్పుకోను.

ఎడిట్ చేసింది చూపించేటప్పుడు 'నచ్చిందా?' అని అడగకండి. ఎక్కడ విసుగొచ్చింది, ఏం అర్థమైంది అని అడగండి, లేదా ఏమీ అడక్కుండా వాళ్లని చూస్తూ కూర్చోండి. లిఫ్ట్ సినిమాలో ఆ తలుపు దగ్గరి మాటల్ని నిమిషం నలభై సెకన్లపాటు నల్ల తెర మీద పెట్టాను. బొమ్మ లేదు కదా మరి. గొప్పగా కుదిరిందని మురిసిపోతూ మొదటిసారి క్లాసులో చూపించాను. నల్ల తెర రాగానే వెనక బెంచీ కుర్రాడు లేచి ప్రొజెక్టర్ దగ్గరికెళ్లి కేబుల్ పీకి మళ్లీ పెట్టాడు. "వైరు ఊడిందనుకున్నా మేడం" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, నల్ల తెరకు ముందు మూసి ఉన్న లిఫ్టు తలుపు షాటు నాలుగు సెకన్లు చేర్చాను, మెల్లగా చీకటిలోకి పోయేలా. ఆ సినిమాకు అది ఏడో వెర్షన్.