‘సూపర్ అన్నా’ కాకుండా ఇంకేం చెప్పాలి? తోటి పాటగాళ్ళ రికార్డింగులు విని అభిప్రాయం చెప్పడం, తీసుకోవడం ఎలా?

సొంతంగా రాసి, బాణీ కట్టి, ఫోన్‌లో పాడి పంపిన పాటకి మామూలుగా రెండే జవాబులు వస్తాయి. ఒకటి ‘సూపర్ అన్నా’. రెండోది ఏ మాటా లేని రెండు నీలం టిక్కులు. మేం నలుగురు స్నేహితులం మూడేళ్ళుగా ఒకరి పాటలు ఒకరం వింటున్నాం. మొదటి ఏడాదంతా సూపర్లతోనే గడిచిపోయింది, పాటలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. కొన్ని మొహమాటాలు, ఒకటి రెండు అలకలు అయ్యాక మాకంటూ ఒక పద్ధతి కుదిరింది.

1. పంపేటప్పుడే ఏం కావాలో అడగండి

‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే అంటారు. ‘పల్లవి నుంచి చరణంలోకి వెళ్ళేచోట అతికినట్టుందా?’ అని అడిగితే సరిగ్గా అక్కడ చెవి పెడతారు. పాట ఏ దశలో ఉందో కూడా చెప్పండి. చరణంలో ఇంకా ‘తానన’లే ఉంటే ఆ ముక్క ముందే చెబితే వినేవాళ్ళకి పని తేలిక.

సాహిత్యం టైప్ చేసి వెంటనే పంపకండి. కాగితం చూస్తూ వింటే ఏ మాటైనా స్పష్టంగానే వినిపిస్తుంది. ముందు వట్టి చెవులతో వినమని, తర్వాత పంపండి.

రికార్డింగ్ స్టూడియో స్థాయిలో ఉండక్కర్లేదు. ఫ్యాన్ ఆపి, ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టుకుంటే చాలు. ట్రాక్ వింటూ పాడేటట్టయితే వైరున్న ఇయర్‌ఫోన్లే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చెవికి చేరుతుంది, దాంతో తాళం తప్పనివాళ్ళు కూడా తప్పినట్టు వినిపిస్తారు. ఫైల్‌ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

2. మూడుసార్లు వినండి

మొదటిసారి ఆపకుండా, ఏమీ రాసుకోకుండా వినండి. రెండోసారి ఇయర్‌ఫోన్లతో, నిమిషం, సెకను రాసుకుంటూ. మూడోసారి ఫోన్ స్పీకర్లో, వేరే పని చేసుకుంటూ. ఆ మూడోసారి చెవి దానంతటదే ఎక్కడ పాట మీదకి మళ్ళిందో, ఎక్కడ వదిలేసిందో గమనించండి. నాకు పనికొచ్చిన మాటలు ఎక్కువగా అలా విన్నప్పుడు దొరికినవే.

3. తీర్పు చెప్పకండి, చోటు చూపించండి

‘చరణం వీక్‌గా ఉంది’ అంటే పాట రాసినవాళ్ళకి బాధ తప్ప ఇంకేం మిగలదు. ‘1:12 దగ్గర మాట అర్థం కాలేదు, వెనక్కి వెళ్ళి విన్నాను’ అంటే చేతికి పని దొరుకుతుంది.

తెలుగు పాటలో ఇలా చెవి తడబడే చోట్లు కొన్ని పదేపదే వస్తాయి. అన్నిటికంటే ముందుది పొట్టి అక్షరం పొడుగు స్వరం మీద పడటం. నా పాటలో ‘నది దాటి వస్తావని’ అని ఒక పాదం ఉంది. బాణీలో మొదటి స్వరం సాగుతుంది. మా వాడొకడు విని, ‘ఒరేయ్, 0:48లో నువ్వు నది అంటున్నావా, నాది అంటున్నావా?’ అన్నాడు. లఘువుని సాగదీస్తే గురువైపోతుంది, మాటే మారిపోతుంది. ‘కల’ కాస్తా ‘కాల’, ‘పడు’ కాస్తా ‘పాడు’ అవుతాయి. బాణీ మార్చబుద్ధి కాకపోతే మాట మార్చాలి. నేను ‘ఏరు దాటి’ అని మార్చాను. ‘ఏ’ ఎలాగూ దీర్ఘమే కనుక సాగే స్వరం మీద హాయిగా కూర్చుంది.

తర్వాతది విరుపు. ‘నీ తలపులలో’ అన్నచోట ‘నీత’ దగ్గర ఊపిరి తీసుకుంటే మిగిలిన ‘లపులలో’ ఏమిటో ఎవరికీ తెలియదు. పైగా ‘తలపు’ని కాస్త అజాగ్రత్తగా పలికితే ‘తలుపు’ అవుతుంది, ప్రేమపాటలోకి వడ్రంగి వస్తాడు. ‘కళ’, ‘కల’ తేడా కూడా రికార్డింగులో ఇట్టే పోతుంది.

పాట వేరు, పాడటం వేరు, రికార్డింగ్ వేరు. మూడింటినీ కలిపి తిట్టకండి. గొంతు పగిలినట్టు వినిపిస్తే అది రికార్డింగ్ లెవెల్ ఎక్కువైనందువల్ల కావచ్చు, గాయకుడి తప్పు కాకపోవచ్చు. పై స్వరాల్లో మాత్రమే శ్రుతి జారుతోందంటే పాట ఆ గొంతుకి ఎత్తుగా ఉందేమో చూడాలి. మగవాళ్ళకి ఒకటో శ్రుతి చుట్టుపక్కల, ఆడవాళ్ళకి ఐదు చుట్టుపక్కల సాధారణంగా కుదురుతుంది. హార్మోనియం లెక్కలో ఒకటి అంటే సి, ఐదు అంటే జి. తన శ్రుతిలో కట్టిన బాణీని మా వాడు వాళ్ళక్క చేత అదే శ్రుతిలో పాడించాడు. అందరం ఆవిడ గొంతుకే వంక పెట్టాం, పాపం.

‘ఇది ఫలానా పాటలా ఉంది’ అనే ముందు కాస్త ఆగండి. మోహనలో ఉన్నవే ఐదు స్వరాలు, ఆ రాగంలో కట్టిన పాటలకి చుట్టరికం ఎలాగూ కనిపిస్తుంది. అదే స్వరాల వరస అదే నడకలో వచ్చిందనిపిస్తేనే చెప్పండి, అదీ అందరి ముందూ కాకుండా విడిగా.

‘నేనైతే ఇలా రాసేవాణ్ణి’ అనేది అడిగితేనే చెప్పండి.

4. మీ పాట గురించి చెబుతుంటే

వెంటనే వివరించడం మొదలుపెట్టకండి. ‘అక్కడ భావం ఏంటంటే’ అని నోటిదాకా వస్తుంది. వినేవాళ్ళందరికీ పాటతోపాటు మీరు కూడా వెళ్ళి భావం చెప్పలేరు కదా. ‘థాంక్స్ అక్కా, చూస్తాను’ అని ఒక రోజు వదిలేయండి. ‘నాది’ విషయంలో నేను గంటసేపు వాదించాను. మర్నాడు నా పాట నేనే విన్నాను. ‘నాది’ అనే వినిపించింది.

ఇద్దరు ముగ్గురు ఒకే చోటు చూపిస్తే అక్కడ ఏదో ఉందనే అర్థం. కానీ వాళ్ళు చెప్పిన మందు అదే జబ్బుకి పనిచేస్తుందని లేదు. చరణం పొడుగైందని ముగ్గురు అన్న పాటలో నేను చరణం కోయలేదు, ముందున్న సంగీతాన్ని సగానికి తగ్గించాను. ఆ ఫిర్యాదు మళ్ళీ రాలేదు.

ఒక్కరే అన్నదాన్ని పక్కన పెట్టొచ్చు. ‘ఏరు దాటి’ అని మార్చాక మరో మిత్రుడు, ‘నాకు తెప్ప తగలేయడం గుర్తొస్తోంది’ అన్నాడు. నవ్వుకున్నాం. పాదం మాత్రం అలాగే ఉంచాను.

5. మార్చాక

పాత ఫైల్ తీసేయకండి. పేరులో తేదీ పెట్టి కొత్తది వేరుగా దాచండి. నాలుగోది విన్నాక మొదటిదే బాగుందనిపించడం మాకు రెండుసార్లు జరిగింది. ఒకరి కచ్చా రికార్డింగుని అడక్కుండా ఇంకొకరికి ఫార్వర్డ్ చేయకండి. సలహాగా ఒక మాట ఇస్తే సరే, మొత్తం చరణమే రాసిస్తే పేరు వేయాలి. 1957 నాటి మన కాపీరైట్ చట్టం సాహిత్యాన్ని, సంగీతాన్ని, సౌండ్ రికార్డింగుని వేర్వేరుగానే చూస్తుంది. ఎవరు ఏం చేశారో ఒక మెసేజ్‌లో అప్పుడే రాసుకోండి.

చివరిసారి మాత్రం ఆ పాట ఇంతవరకూ వినని మనిషికి వినిపించండి. పదిసార్లు విన్న చెవులకి ఇక తప్పులు కనిపించవు. మా ఇంట్లో ఆ పని అమ్మది. పప్పు తాలింపు వేస్తూ వింది, కాసేపయ్యాక తనలో తాను పల్లవి కూనిరాగం తీస్తోంది. తెప్ప సంగతి ఏమీ అనలేదు.