పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ముందు

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే ఫొటో స్టూడియోల వాళ్లకు తీరికే ఉండదు. ఆ హడావుడిలో వీడియో కాపీ చేస్తుంటే, పెన్‌డ్రైవ్ దాదాపు ఖాళీగా ఉన్నా సరే, ఫైల్ మరీ పెద్దదని కంప్యూటర్ ఆపేస్తుంది. చాలామంది పెన్‌డ్రైవ్ పాడైందనుకుంటారు. పాడవలేదు. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది.

1996లో విండోస్ 95 సవరించిన విడుదల (ఓఎస్ఆర్2)తో వచ్చిన ఈ ఫైల్ సిస్టమ్, అంటే డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి, ఒక్కో ఫైల్ సైజును 32 బిట్లలో రాసుకుంటుంది. ఆ చోటులో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. అంటే 4 జీబీకి ఒక్క బైట్ తక్కువ. డ్రైవ్ 16 జీబీదైనా 128 జీబీదైనా ఒక్క ఫైల్ అంతకు మించకూడదు.

కాబట్టి సీజన్‌కు ముందే మీ దగ్గరున్న డ్రైవ్‌లన్నీ ఒకసారి చూసుకోండి. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే ఏ ఫైల్ సిస్టమో కనిపిస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ అనే మరో ఫైల్ సిస్టమ్‌కు మార్చుకుంటే ఈ ఇబ్బంది తీరిపోతుంది, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. కానీ ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. విండోస్‌లోని కన్వర్ట్ కమాండ్ డేటా పోకుండా మారుస్తుంది, అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ ఫైల్ సిస్టమ్‌కు మాత్రమే. ఆ డ్రైవ్‌ను మ్యాక్ మామూలుగా చదువుతుందే తప్ప అందులో రాయలేదు. ఏది చేసినా ముందు ఒక కాపీ పక్కన పెట్టుకోండి.

అసలు చిక్కు టీవీతో. పాత టీవీల్లో కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తే పట్టవు. అందుకే పెళ్లివాళ్లను ముందే అడగండి, ఏ టీవీలో చూస్తారని. పాతదైతే ఫ్యాట్32నే ఉంచి వీడియోను ముక్కలు చేయడం మేలు. ఫైళ్లను కుదించే సెవెన్‌జిప్ సాఫ్ట్‌వేర్‌తో ముక్కలు చేసి మాత్రం ఇవ్వకండి. ఆ ముక్కలను కంప్యూటర్‌లో మళ్లీ కలపాల్సిందే, టీవీలో ఒక్కటీ ఆడదు. వీడియోగానే కోయండి: స్నాతకం, జీలకర్రబెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అని దేనికది. పెద్దవాళ్లకు వెతుక్కోవడమూ సులువు. మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కోసే సాఫ్ట్‌వేర్ వాడితే క్వాలిటీ తగ్గదు. కాకపోతే కోత మీరు పెట్టిన చోటే కచ్చితంగా పడదు, కాస్త అటూ ఇటూ జరుగుతుంది. కాబట్టి మాంగల్యధారణ దగ్గర కాకుండా, సందడి తగ్గిన చోట కోయండి.

కెమెరా కార్డుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 32 జీబీ వరకు ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డులు ఫ్యాట్32తో వస్తాయి, 64 జీబీ నుంచి ఎక్స్‌ఫ్యాట్‌తో. ఫ్యాట్32 కార్డు మీద చాలా కెమెరాలు 4 జీబీ దగ్గర ఫైల్ మూసేసి కొత్తది మొదలుపెడతాయి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే 6 నిమిషాల్లోపే ఒక ముక్క నిండుతుంది. ఆ ముక్కల్లో ఒక్కటి కాపీ కాకపోతే, పోయింది ముహూర్తం ముక్కే కావచ్చు. అందుకని క్లిప్‌లు ఏరుకోవద్దు, ఫోల్డర్ మొత్తం తీసుకోండి. కట్ చేయకుండా కాపీ చేసి, రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు సరిచూడండి. పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేశాకే పీకండి.

పెళ్లివాళ్లు టీవీలో పెట్టి చూసి అంతా వస్తోందని చెప్పేదాకా కార్డు ఫార్మాట్ చేయకండి. మర్నాడే ఇంకో పెళ్లికి ఆ కార్డు కావాలంటే, ముందు రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించండి.