అమెరికా వెళ్తున్నారా? సూట్‌కేసుతో పాటు ఫోన్ కూడా సర్దుకోండి

మొన్న మా అక్క కొడుకుని విమానం ఎక్కించడానికి హనుమకొండ నుంచి శంషాబాద్ వెళ్తూ జనగామలో టీకి ఆగాం. వాడి ఫోన్ గ్యాలరీ చూస్తే అక్క బ్యాంకు పాస్‌బుక్, బావ ఆధార్, పొలం పట్టా పాస్‌బుక్ అన్నీ అందులోనే! సూట్‌కేసు మూడుసార్లు తూకం వేశాం, ఫోన్ సంగతి ఎవరికీ తట్టలేదు.

అమెరికాలో దిగాక ఇమిగ్రేషన్ దగ్గర వారంటు లేకుండానే ఫోన్, ల్యాప్‌టాప్ తనిఖీ చేయొచ్చు. అందరివీ చూడరు, టెన్షన్ వద్దు. 2018 నాటి అక్కడి నిబంధన ప్రకారం అధికారులు నెట్ ఆపేసి ఫోన్‌లో ఉన్నదే చూడాలి, క్లౌడ్‌లోది (ఫోన్‌లో కాకుండా నెట్‌లో దాచుకున్నది) తెరవకూడదు. అందుకే ఇంటివాళ్ల కాగితాలు ఫోన్‌లో ఉంచకండి. గూగుల్ ఫోటోస్‌లో మామూలుగా డిలీట్ కొడితే క్లౌడ్‌లోనూ పోతాయి, జాగ్రత్త. బ్యాకప్ పూర్తయ్యాక 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే ఫోన్‌లోంచి మాత్రమే పోతాయి. ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం అక్కడి కాలేజీ ఇచ్చే పత్రం), అడ్మిషన్ లెటర్ ప్రింట్ తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి.

ఫోన్ మొత్తం ఖాళీ చేస్తే లేనిపోని అనుమానం. పాస్‌వర్డ్ చెప్పనంటే ఫోన్ వాళ్ల దగ్గరే ఉంచేసుకోవచ్చు, వీసా మీద వెళ్లినవాళ్లను వెనక్కి పంపేయనూ వచ్చు. ఏది అడిగినా అబద్ధం మాత్రం చెప్పొద్దని పిల్లలకు ఇంటి దగ్గరే గట్టిగా చెప్పి పంపండి.