తడిగాలి ఊళ్లో చిన్న కార్లను కాపాడుకోవడం

విజయనగరంలో గంటస్తంభం దగ్గర గడియారాలు బాగుచేస్తాను. పగలు పనికి కంటికి బిగించుకునే భూతద్దమే రాత్రి నా చిన్న కార్లకూ పనికొస్తుంది. ఇరవై రెండు ఉన్నాయి, అన్నీ ఖరీదైన కార్ల డైకాస్ట్ (లోహపు పోత) నమూనాలే.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు మీ అద్దాల బీరువా కొలవండి. 5.76 మీటర్ల రోల్స్ రాయిస్ ఫాంటమ్ 1:18 కొలతలో, అంటే అసలులో పద్దెనిమిదో వంతుగా, 32 సెంటీమీటర్లు ఉంటుంది. 1:43లో 13, 1:64లో 9. తలుపులు తెరిచి లోపలి సీట్లు, స్టీరింగు చూసుకోవాలంటే 1:18కే వెళ్లండి. పది మామూలువి కొనే డబ్బుతో ఒక్క మంచిది కొనండి.

కొనేముందు తలుపులు మూసి సందులు చూడండి. 1:18 నమూనాలో ఒక మిల్లీమీటరు సందంటే అసలు కారులో 18 మిల్లీమీటర్లు. వేలు దూరే సందుతో ఏ రోల్స్ రాయిసూ తయారవదు. తర్వాత చక్రాల మధ్యకు భూతద్దం పట్టండి. అసలు ఫాంటమ్‌లో చక్రం తిరుగుతున్నా అక్కడి రెండు ఆర్ అక్షరాలు నిటారుగానే నిలుస్తాయి. నమూనాలో నాలుగు చక్రాల్లోనూ అవి నిటారుగా ఉంటే, చేసినవాళ్లు అసలు కారును శ్రద్ధగా చూశారన్నమాట. ఫాంటమ్‌కు వెనక తలుపుల కీళ్లు వెనకవైపే ఉండాలి. రంగులో మెరుపు రవ్వలు ఇసుకంత కనిపిస్తే వదిలేయండి.

మన దగ్గర అసలు శత్రువు తేమ. డైకాస్ట్ అంటే కరిగిన జింకు మిశ్రమాన్ని ఒత్తిడితో అచ్చులోకి పంపి పోత పోయడం. అందులో సీసం కాస్త ఎక్కువ కలిసినా, తేమకు లోహం లోపలినుంచి చిట్లుతుంది. దానికి మందు లేదు. నేను మరో తప్పు చేశాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు భద్రమనుకుని కార్లకు పాలిథిన్ చుట్టి పెట్టెల్లోనే ఉంచేశాను. కొన్ని వారాలకు విప్పితే నల్ల బెంట్లీ బానెట్ నిండా ఆవగింజలంత బొబ్బలు. చుట్టిన పాలిథిన్ రంగుకు అంటుకుని తేమను అక్కడే పట్టి ఉంచింది. చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

అందుకే పాలిథిన్ తీసేయండి. బీరువాలో అరకొక సిలికా జెల్ సంచి పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే, వంటకు వాడని పాత మూకుడులో సన్నసెగ మీద మళ్లీ నీలం అయ్యేదాకా వేడిచేయండి. నాఫ్తలీన్ ఉండలు మాత్రం వద్దు, ప్లాస్టిక్ భాగాలను మెత్తబరుస్తాయి. మెత్తటి టైర్లలోని నూనె కూడా ఏళ్ల తరబడి కింది ప్లాస్టిక్ పీఠాన్ని తినేస్తుంది. కారు అడుగున చిన్న చెక్కముక్క పెట్టి, టైర్లు వెంట్రుకవాసి పైకి లేచేలా చూడండి.

దుమ్ముకు గుడ్డ వాడకండి, పక్క అద్దాలు విరిగిపోతాయి. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తటి కుంచెతో తుడవండి.

ఆ బెంట్లీ ఇప్పటికీ ముందు వరుసలోనే ఉంది. వానాకాలంలో వారానికోసారి దాని బానెట్ మీదకు భూతద్దం పడతాను. ఒక్క బొబ్బ పెరిగినట్టు కనిపించినా, ఆ రాత్రే అన్ని అరల్లోని సంచులూ మారుస్తాను.